రొట్టెకు చెవి పెట్టిన అత్త

పందొమ్మిదివందల అరవై ప్రాంతంలో మా మేనత్త నెల్లూరు మిషన్ బంగళాలో వంటమనిషి. ఖర్జూరం, ఎండుద్రాక్ష బెల్లంపాకంలో ఉడికించి, రెండు మైదా రొట్టెల మధ్య పెట్టి కాల్చేది. బంగళా దొరసాని దాన్ని ఇంగ్లీషులో ‘పై’ అనేది. మాకది ఎండుపండ్ల రొట్టె.

మా ఇంట్లో అయితే ఇసుక పోసిన డేగిసాలో పెట్టి, మూత మీద నిప్పులు పోసేది. కాసేపటికి వంగి, చెవి దగ్గరగా పెట్టేది. లోపల పాకం కుతకుతలాడుతుంటే, “మూత తియ్యబాకండి, ఇంకా మాట్లాడతా ఉంది” అని మమ్మల్ని కసిరేది. చప్పుడు ఆగాకే దించేది. ఒక్కసారీ మాడలేదు.

ఒక ఏడు క్రిస్మస్‌కి పాటలు పాడటానికి పిల్లలం బంగళాకు వెళ్లాం. అతిథులు రొట్టెను మెచ్చుకుంటే దొరసాని, “అంతా నేనే నేర్పాను. గడియారం చూడటం మాత్రం ఈమెకు అబ్బలేదు, పొయ్యికి చెవి పెడుతుంది” అంది, తెలుగులోనే, అత్తకు వినబడేటట్టు. కట్టెల పొయ్యి ఏ రోజు ఎంత మండుతుందో ఆ గడియారానికేం తెలుసు? అంతటితో ఊరుకుందా? అందరి ముందూ వంగి చూపించమంది. అత్త వంగింది. పగలబడి నవ్వారు. నా చేతిలో పాటల పుస్తకం వాళ్ల మొహాన కొట్టాలనిపించింది. వంగినందుకు అత్త మీదా ఒళ్లు మండింది.

కొత్త సంవత్సరం నాడు మళ్లీ వాళ్లే అతిథులు, మళ్లీ మా పాటలు. అత్త బొగ్గులా మాడిన రొట్టె తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది.

“మీ గడియారం చూసే దించినానమ్మా. చెవి పెట్టలా.”

ఈసారి ఎవరూ నవ్వలేదు, నేను తప్ప.