రెండో కర్తోరెజో జాగా

వకిది ఇంటి గోడలు, దూలాలు, పైకప్పు అన్నీ అతనివే. అవి నిలబడ్డ జాగా మాత్రం హర్దిని గారిది. బెంగావాన్ నది పల్లంలో ఉన్న కలిగావె ఊళ్లో అదేం వింత కాదు. ఇల్లు ఒకరిది, కింద నేల ఒకరిది, పెరట్లో కొబ్బరిచెట్టు ఇంకొకరిది అయినా అక్కడ ఎవరికీ తికమక ఉండదు. వకిదికీ అరవై ఒక్క ఏళ్లపాటు ఉండలేదు.

అతను బాతులు మేపేవాడు. కోతలైన పొలాల్లోకి నూట నలభై బాతుల్ని తోలుకెళ్లి, అవి రాలిన గింజలూ నత్తలూ ఏరుకు తింటుంటే గట్టు మీద గొంతుక్కూర్చుని లవంగం సిగరెట్టు కాల్చుకునేవాడు. తెల్లవారి నమాజు చదువుకున్నాక ముందు హర్దిని వాకిలి ఊడ్చేవాడు, తర్వాత తన వాకిలి. ఆమె ఇంట్లో దువా చదివి ఊరివాళ్లకి పెట్టే కెందూరి భోజనాలుంటే కట్టెలు కొట్టడం అతని వంతు, కొబ్బరి కోరడం అతని భార్య తుమిని వంతు. అద్దె అంటూ ఏమీ లేదు. రంజాన్ పండక్కి ఆవిడ బియ్యం పంపేది, వీళ్లు ఉప్పులో ఊరవేసిన బాతుగుడ్లు పట్టుకెళ్లేవాళ్లు. అతని తండ్రీ అలాగే గడిపాడు. "మనం వాళ్ల నేలమీద ఉన్నాం, తల వంచుకుని ఉండాలి" అనేవాడు. తండ్రికి ఆరేళ్లప్పుడే అమ్మా నాన్నా పోతే మేనత్త పెంచింది. ఆ మాట ఆయనకి ఎవరు చెప్పారో వకిది ఎప్పుడూ అడగలేదు.

ఊరంతా కొలిచి అందరికీ పట్టాలిస్తామని సర్కారు వాళ్లు వచ్చిన ఏడాది, ఎండలు ముదిరాక, పంచాయతీ ఆఫీసు నుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి కార్యదర్శి ముర్సిది ఎదురుగా హర్దిని కూర్చుని ఉంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, భర్త పోయి చాలా కాలమైంది. వకిది గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"లోపలికి రావయ్యా," అన్నాడు ముర్సిది. "మీ తాత పేరేంటి?"

"కర్తోరెజో అండి."

"అమ్మా, మీ మామగారి పేరు?"

"కర్తోరెజో. ఊరందరికీ తెలిసిందేగా," అంది హర్దిని.

ముర్సిది తల గోక్కున్నాడు. పాతరోజుల్లో పెళ్లయిన మగవాడు చిన్నప్పటి పేరు వదిలేసి పెద్దమనిషి పేరొకటి పెట్టుకునేవాడు. ఒకే పేరు ఇద్దరికి నచ్చితే కాదనేవాళ్లు లేరు. భూముల పుస్తకంలో కర్తోరెజో పేరు మీద రెండు పేజీలున్నాయి. మొదటి దాంట్లో నాలుగు వరిమళ్లు, హర్దిని ఇల్లున్న జాగా. రెండో దాంట్లో ఒకే ఒక్క జాగా, వకిది ఇల్లున్నది. ఒక్క మనిషినే పొరపాటున రెండుసార్లు రాశారనుకుని ఇన్నాళ్లూ రెండు పేజీల పన్నూ హర్దిని ఇంటికే పంపారు. ఆవిడ కడుతూ వచ్చింది.

"రెండో పేజీలో పక్కన పెన్సిల్‌తో ఇంకో పేరుంది," అన్నాడు ముర్సిది. "సోమిన్ అని. ఆయన చిన్నప్పటి పేరై ఉంటుంది. ఇంతకీ సోమిన్ ఎవరు? మీ తాతా, ఆవిడ మామగారా?"

పెద్దవాళ్ల చిన్నప్పటి పేరు నోటితో పలకడమే తప్పు. ఇక తెలిసేదెవరికి?

"నాకు తెలీదండి," అన్నాడు వకిది.

"నాకూ తెలీదు," అంది హర్దిని.

"పద్నాలుగేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను. నాదంటే నాదని కొట్టుకునేవాళ్లనే చూశాను. మీరెక్కడ దొరికారండీ నాకు? ఈ కాయితంలో తగువుంది, తగువు లేదు అని రెండే గళ్లున్నాయి. తెలీదు అనే గడి లేదు. పదిరోజుల్లో ఏదో ఒకటి తేల్చుకు రండి."

ఇంటికొచ్చి చెబితే తుమిని కోరుతున్న కొబ్బరిచిప్ప పక్కన పెట్టేసింది.

"అయితే మనదేనా?"

"ఏమో."

"కాదని చెప్పగలవా?"

"అవుననీ చెప్పలేనుగా."

"నీ బుర్రలో కూడా బాతులే ఉన్నాయయ్యా," అంది తుమిని. "వెళ్లి రుకినెం అవ్వనన్నా అడుగు."

రుకినెం ఊరికల్లా పెద్దది. ఊళ్లో సగంమందికి పురుడు పోసిన చెయ్యి. ఇప్పుడు కళ్లు కనపడవు. సోమిన్ ఎవరని అడిగితే తాంబూలం నములుతూ చాలాసేపు ఆలోచించింది.

"సోమినా? కుంటుతూ నడిచేవాడు. మీ తాతే."

వకిది లేవబోతుంటే అవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండు ఉండు. కుంటేవాడు సేమన్. సోమిన్ గేదెల బేరం చేసేవాడు."

"గేదెల బేరం ఎవరిది అవ్వా?"

"ఉన్నవాళ్లది."

"మరి మా తాత పేరేంటి?"

"నీ తాత నాకు అన్న వరస. ఆయన పేరు నేనెలా పలుకుతానురా?"

వచ్చినప్పటికంటే ఎక్కువ అయోమయంతో వకిది తిరిగొచ్చాడు.

మర్నాడు పొద్దున చీపురు పట్టుకుని హర్దిని వాకిట్లోకి వెళ్లి, మధ్యలో ఆగిపోయాడు. ఆవిడ అరుగు మీంచి చూసింది.

"ఏం, నిలబడిపోయావు?"

"ఊడవాలా వద్దా అని చూస్తున్నానండి."

"నిన్నటిదాకా అడగలేదుగా."

"నిన్నటిదాకా తెలుసండి."

హర్దిని అరుగు అంచుకి జరిగింది. "మా మామగారు పోయేముందు, వాళ్లని అక్కణ్నించి కదపొద్దు అన్నారు. జాలిపడి అన్నారనుకున్నాను. ఇప్పుడా మాట ఎటు తిప్పినా రెండర్థాలు వస్తున్నాయి," అని లోపలికి వెళ్లిపోయింది. వకిది సగం వాకిలి ఊడ్చి, ఏది సగమో తేలక మిగతాదీ ఊడ్చేశాడు.

పదో రోజున ఆఫీసులో హర్దిని కుర్చీలో కూర్చోకుండానే కలం అడిగింది. ఆ జాగా మీద తనకి ఏ హక్కూ లేదని రాసిన కాయితం ముర్సిది ముందుకు జరిపాడు.

"అమ్మగారూ, ఒకవేళ మీదే అయితే?" అన్నాడు వకిది.

"అయితే పోయింది."

"మాదే అయితే?"

ఆవిడ చెయ్యి కాయితం మీద ఆగింది. "నలభై ఏళ్లు నీచేత నా వాకిలి ఊడ్పించుకున్నానన్నమాట. దానికి నన్నేం చెయ్యమంటావు?" అని సంతకం పెట్టేసింది.

వానలకి ముందే పట్టా వచ్చింది. తుమిని దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టెలో దాచింది. రోజుకి నాలుగుసార్లు తీసి చూసుకునేది. ఆ నెల్లోనే హర్దిని ఇంట్లో కెందూరి జరిగింది. కట్టెలకి వేరే మనిషిని పెట్టుకున్నారు. వకిది దంపతుల్ని ముందుగదిలో చుట్టాల మధ్య కూర్చోబెట్టి వడ్డించారు. తుమినికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మనమీద కోపమా, గౌరవమా?" అని ఇంటికొచ్చాక అడిగింది.

"తెలిస్తే చెప్పనా?" అన్నాడు వకిది.

తర్వాత పంటకాలువ గురించి మీటింగు పెట్టారు. జాగాలున్నవాళ్లు లోపల చాపలమీద కూర్చుంటారు, లేనివాళ్లు బయటుండి టీ పోస్తారు. వకిది అలవాటుగా కెటిల్ వైపు వెళ్తుంటే ఎవరో భుజం పట్టుకుని లోపలికి తోశారు.

"నువ్వేమంటావు వకిదీ?" అని ఊరిపెద్ద అడిగేసరికి అతను హర్దిని వైపు చూశాడు, ఆవిడేమంటే అదే అందామని. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"తూము దగ్గర పూడిక తియ్యాలండి. ఊరికే గట్లు ఎత్తు చేస్తే నీళ్లు పల్లపు మళ్లలోకి తన్నుతాయి. అక్కడ నా బాతులు మునిగేంత లోతుంది," అన్నాడు. ఇద్దరు తలూపారు. ఎవరో రాసుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు గట్టు దారిలో అతనూ హర్దినీ మాత్రమే మిగిలారు. ఎప్పట్లా నాలుగడుగులు వెనక నడవాలో, పక్కన నడవాలో అతనికి తోచలేదు.

"ముందు నడువు, దారి జారుతోంది," అంది ఆవిడ.

నడిచాడు. కొంతదూరం పోయాక వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "అమ్మగారూ, నిజంగా మాదేనంటారా?"

"నాకేం తెలుసయ్యా. సంతకం పెట్టాను, అంతే. ఆ రాయి దగ్గర చూసుకో, కదులుతుంది."

వకిది రాయిని కాలితో నొక్కి సర్ది, ఆవిడ దాటేదాకా అక్కడే నిలబడ్డాడు.