తోమకూడని మాడు

నిన్న మధ్యాహ్నం మనవరాలు పొయ్యిమీద జావ పెట్టి మరిచిపోయింది. ఈ చలిదేశంలో, ఏజాక్స్ ఊళ్ళోని మా ఇల్లంతా మాడు వాసన కమ్ముకునేసరికి, ఎప్పటిలాగే నా వెనక ఎవరో వచ్చి నిలబడినట్టనిపించింది. నేను గిన్నె తోమకుండా చూస్తూ నిలబడితే, "అమ్మమ్మా, ఇట్స్ జస్ట్ ఎ బర్న్ట్ పాట్" అని నవ్వింది. దానికేం తెలుసు, పాపం.

ఈ దేశం వచ్చిన కొత్తలో, నాలా వలసొచ్చిన మీలో చాలామందిలాగే చదివిన చదువు ఇక్కడ పనికిరాక, పురావస్తు తవ్వకాల్లో దొరికిన వస్తువులు కడిగే పనిలో చేరాను. ఇళ్ళు కట్టబోయే పొలాల్లో ముందుగా తవ్వి చూసి, దొరికిన పెంకులూ బొత్తాలూ మా బల్లమీదికి పంపేవారు. ఒకసారి ఒక పాత దొరగారింటి వంటగది మూలనుంచి చిన్న మట్టిపిడత, నీలం పూస ఒకటి, పిల్లల చెంచా ఒకటి వచ్చాయి. ఆయన కొని తెచ్చుకున్న నల్లజాతి స్త్రీ బిడ్డతో ఆ మూలనే పడుకునేదట. ఈ దేశంలోనూ మనుషుల్ని కొనేవారని నాకు అప్పుడే తెలిసింది. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు.

పిడత లోపల నల్లగా మాడు అంటుకుని ఉంది. మా అమ్మ పెంపకంలో గిన్నెకు మాడు ఉంచడమంటే ఇంటికే అప్రతిష్ఠ కాబట్టి, కొత్త ఉద్యోగంలో మెప్పు పొందాలన్న ఆత్రం కొద్దీ, వాళ్ళిచ్చిన మెత్తని బ్రష్ పక్కన పడేసి పీచుతో బరబరా తోమేశాను. తడి తగలగానే మాడిన జావ వాసన గుప్పున లేచింది. గదిలో ఇంకెవరూ లేరని తెలిసీ వెనక్కి తిరిగి చూశాను. తోమినచోట చెంచాతో గీకిన సన్నని గీతలు బయటపడ్డాయి, పసిచేయి అందినంత లోతు వరకే.

ఆ మాడును పరీక్షిస్తే తల్లీబిడ్డలు ఏం తిని బతికారో తెలిసేదని, వాళ్ళ తిండి గురించి మిగిలిన సాక్ష్యం అదొక్కటేనని మా పైఅధికారిణి నెమ్మదిగా చెప్పింది. సిగ్గుతో చచ్చిపోయాను. "ఆ తల్లే దాన్ని తోమకుండా వదిలేసింది కదా" అని మాత్రం చివర్లో అంది.

నిజమే, దొరగారి పళ్ళేలన్నీ తళతళలాడించిన ఆ చేతులు తన పిడతను మాత్రం అలా ఉంచుకున్నాయి, ఓపిక చాలకనో, మర్నాడు బిడ్డ గీక్కుంటుందనో.

ఆ పొలమంతా ఇప్పుడు ఇళ్ళు. వీధి బోర్డుమీద దొరగారి పేరుంది. అంట్లు తోమడానికి మనందరికీ మెషిన్లొచ్చాయి, నా చేతులకు ఆ బలమూ లేదు. మాడిన గిన్నెను మాత్రం ఒక పూటైనా అలాగే ఉంచుతాను. ఆ దొరగారింట్లో ఆఖరి గిన్నె తోమింది నేనే.