చేపలకు పరామర్శ

ఆ రోజుల్లో నాకు రెండు భయాలుండేవి. వీసా పోతుందేమోనని ఒకటి, చేప చచ్చిపోతుందేమోనని ఒకటి. ఆలోచిస్తే రెండూ ఒకటే. అమెరికా వచ్చి, నది ఒడ్డునున్న ఒక చేపల పరిశోధనశాలలో చేరి ఆర్నెల్లయింది. పిల్ల సాల్మన్ చేపలకు మత్తిచ్చి, పొట్ట కోసి, చిక్కుడుగింజంత ట్యాగ్ లోపల పెట్టి, రెండు కుట్లు వేయడం నా పని. (అంతవరకు నా చొక్కా గుండీ కూడా మా అమ్మే కుట్టేది.) నదిలో చేప ఎటు వెళ్ళిందో ఆ ట్యాగ్ చెబుతుంది. కానీ దాన్ని మోస్తూ చేప మామూలుగా ఈదగలదా, గాయం మానుతుందా అన్నది ముందు తేలాలి. ఒక తొట్టిలో ట్యాగ్ పెట్టినవి, పక్క తొట్టిలో ఏమీ చేయనివి. మూడు వారాల తర్వాత ఎదురునీటిలో రెండింటికీ ఈత పరీక్ష. అది సవ్యంగా జరిగితేనే నా వీసా కాగితాల మీద సంతకం పెడతానన్నాడు మా బాస్. ప్రతిదీ తూచి రాసే ఆయనకు నేను పెట్టుకున్న పేరు త్రాసు దొర.

మా వైపు ఆపరేషన్ అయిన మనిషిని ఒంటరిగా వదలరు, చూడటానికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నాకూ కాలు నిలిచేది కాదు. తొట్టి మీదకి వంగి, కుట్లు ఊడలేదని చూసుకుని వచ్చి కూర్చుంటే, కుర్చీ వేడెక్కకముందే మళ్ళీ అనుమానం. వెళ్ళిన ప్రతిసారీ టైముతో సహా డైరీలో రాసేవాణ్ణి. మా వరంగల్ రూమ్మేట్ ఊరుకునేవాడు కాదు. "ఏందన్నా, చేపలకు గూడ పరామర్శనా? ఉత్త చేతులతోని పోతవా? బత్తాయిలు పట్కపో!"

పరీక్ష రోజున, ఏమీ చేయని చేపలు అలసిపోయి వెనక్కి జారిపోయాయి. ట్యాగ్ మోస్తున్నవి ఇంకా ఈదుతూనే ఉన్నాయి. నేను పొంగిపోయాను. దొర పొంగలేదు.

"కడుపు కోస్తే చేపకు బలం వస్తుందా? వీటికి అదనంగా ఏం చేశావ్?"

"ఏమీ లేదు సర్. చూసి వచ్చానంతే."

"ఎన్నిసార్లు?"

అబద్ధమాడదామంటే డైరీ చేతిలోనే ఉంది. "నిన్నయితే ముప్పై ఎనిమిది సర్."

"మరి పక్క తొట్టి?"

"వాటికి ఆపరేషన్ కాలేదు కదా సర్!"

ఆయన లేచి తొట్టి మీదకి వంగాడు. నీడ పడగానే చేపలన్నీ మూలకి దూసుకుపోయాయి. "నువ్వు వీటిని చూడలేదు. మూడు వారాలు పరుగెత్తించావు," అన్నాడు. ఆ పరుగులకే కాబోలు, రెండు చేపల కుట్లు వదిలి గాయాలు ఎర్రబడ్డాయి కూడా.

ప్రయోగం మళ్ళీ మొదటికొచ్చింది. నా వీసా కాగితాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. ఆయన నా డైరీ తీసుకుని, తెలుగు రాకపోయినా టైముల వరస మీద వేలు పెట్టి చివరిదాకా చూశాడు. "నీ ప్రయోగం పనికిరాదు. ఈ పుస్తకం రాసినవాడు పనికొస్తాడు," అని ఆ కాగితాల మీద సంతకం పెట్టాడు. తొట్లకి మాత్రం నల్ల తెరలు కట్టించి, నా కుర్చీని వేరే గదిలో వేయించాడు.

ఇప్పుడు మోకాలి ఆపరేషన్ అయి ప్లేనోలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అది ఇంట్లోంచే ఆఫీస్ పని చేస్తూ, పది నిమిషాలకోసారి తలుపు సందులోంచి తొంగిచూస్తుంది. "నాన్నా, ఆర్ యూ ఓకే?" నేను ఉలిక్కిపడి లేచి నాలుగడుగులు వేసి చూపిస్తాను. ఇంత త్వరగా నడక ఎలా వచ్చిందని ఫిజియోథెరపిస్ట్ ఆశ్చర్యపోయింది. నేను డైరీలో రాసుకున్నాను: మధ్యాహ్నానికి పద్నాలుగు సార్లు. ఆ తర్వాత ఏదో మీటింగ్‌లో పడి గంటసేపు రాలేదు. తోచక, కర్ర పట్టుకుని నేనే దాని గదిదాకా వెళ్ళి తొంగిచూసి వచ్చాను.