ఎన్నో పేజీలో ఉన్నారు?

కబురాయనకు ఉన్న జబ్బు ఒక్కటే. తన పుస్తకం తీసుకెళ్ళిన మనిషి ఎన్నో పేజీలో ఆగాడో తెలిస్తే తప్ప ఆయనకు ముద్ద దిగదు. తెలుసుకోవడానికి ఉత్తరం రాయడు, ఫోను చెయ్యడు. సైకిలెక్కి నేరుగా ఆ ఇంటికే వెళ్ళి తలుపు తడతాడు. ఇంకో రచయిత ఎవరైనా అలా వస్తే జనం మురిసిపోయి కుర్చీ వేసేవారేమో. కబురాయన తలుపు తడితే మాత్రం లోపల ఏడుపులు మొదలవుతాయి.

అందులో జనం తప్పు కూడా లేదు. ఇంటింటికీ ఫోన్లు లేని రోజుల్లో, పెద్దాసుపత్రిలో ఎవరైనా కన్నుమూస్తే ఆ కబురు వాళ్ళ ఇంటికి చేరవేసే ఉద్యోగం ఆయనది. ముప్పై ఒక్క ఏళ్ళు అదే పని; కబుర్లు లేని వేళ వార్డుల్లో రోగులకు చేతిసాయం. ఆ పొడుగాటి మనిషి, ఆ నల్ల సైకిలు వీధి మలుపు తిరిగితే చాలు, తలుపులు దడదడా మూసుకునేవి. తలుపు మూస్తే చావు దారి తప్పి పక్కింటికి పోతుందని ఆశ కాబోలు. అన్నం తినని పిల్లలను "అదుగో కబురాయన" అని బెదిరించే తల్లులుండేవారు. పిల్లలు తినేసేవారు గాని, ఆ మాట అన్న తల్లులకు ఆ పూట అన్నం సయించేది కాదు.

ఫోన్లు వచ్చి ఆ ఉద్యోగాన్ని మింగేశాయి. ఖాళీగా కూర్చోలేక ఆయన రెండేళ్ళు శ్రమపడి తన జీవితం రాసుకున్నాడు. "గడప ఇవతల" అని పేరు పెట్టాడు. అచ్చయిన పుస్తకాలు సైకిలు వెనక కట్టుకుని లైబ్రరీల చుట్టూ తిరిగాడు.

మొదట ఆసుపత్రిలో రోగుల కోసం నడిపే లైబ్రరీకి వెళ్ళాడు. అక్కడి పెద్ద నర్సమ్మ పేరు చూసి, రెండు పేజీలు తిప్పి, చేతులెత్తి దండం పెట్టింది. "బతుకుదామని వచ్చినవాళ్ళ చేత ఇదా నాయనా చదివించేది!" అంది. రైల్వేవాళ్ళ లైబ్రరీలో కాదనలేక తీసుకున్నారు. వారం తరవాత వెళ్ళి చూస్తే పుస్తకం ఒక బల్ల కాలి కింద ఉంది. కబురాయన బల్లను అటూ ఇటూ ఊపి చూశాడు. "కదలటం లేదు. మంచిదే" అని వచ్చేశాడు.

చివరికి ఆయనను ఆదుకున్నది పేటలోని చిన్న లైబ్రరీ. బట్టల దుకాణం మీద రెండు గదులు, ఎక్కడానికి పద్దెనిమిది మెట్లు, ఒకే ఒక లైబ్రేరియను. ఆవిడ మెత్తని మనిషి. పుస్తకాలకు అట్టలు వేసేటప్పుడు కూడా వాటికి నొప్పి కలుగుతుందేమో అన్నట్టు వేసేది. మూడు ప్రతులు తీసుకుని, నంబర్లు వేసి, కనబడే చోట పెట్టింది.

"ఎవరో ఒకరు చదవకపోరు బాబాయ్, దేవుడున్నాడు" అంది.

దేవుడున్నాడు గాని, పాఠకులను పట్టుకురావడం ఆయనకూ కష్టమే అయింది. అందుకని లైబ్రేరియను ఒక సభ పెట్టింది. కబురాయన తానే సైకిలు మీద తిరిగి "రేపు సాయంత్రం లైబ్రరీకి రండి" అని పిలిచాడు. ఆయన నోట ఆ మాట విన్న ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: "ఎవరు పోయారు?" మర్నాడు నలభై మంది వచ్చారు. నవ్వులేని ముఖాలతో వరసగా నిలబడ్డారు. ఎవరికోసమో తెలియకపోయినా రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఒకరిద్దరు లైబ్రేరియను భుజం తట్టి "గుండె దిటవు చేసుకో అమ్మా" అని మెట్లు దిగిపోయారు. కబురాయన రాసి తెచ్చుకున్న ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది.

ఎలాగైతేనేం, ఆ మీదట పుస్తకం బయటికి కదిలింది. దాంతో పాటు ఆయన జబ్బు కూడా.

పుస్తకం ఎవరు తీసుకున్నారో లైబ్రేరియను ఎన్నడూ చెప్పలేదు. చెప్పే అవసరం లేదు. ముప్పై ఏళ్ళు డాక్టర్ల బల్లకు ఇవతల నిలబడి అవతలి కాగితాలను తలకిందులుగా చదివిన కళ్ళవి. రిజిస్టరు మీద ఆవిడ వార్తాపత్రిక కప్పేది. ఫ్యాను గాలికి అది లేచిన క్షణంలో ఆయన పేరు, వీధి, ఇంటి నంబరు పట్టేసేవాడు.

మొదట కుట్టుపని చేసే ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ తలుపు తీసింది, చూసింది, "ఓరి దేవుడో, మా ఆయన!" అని కూలబడింది. మొగుడు వంటింట్లోంచి "ఇక్కడే ఉన్నానే!" అని పరుగెత్తుకొచ్చాడు. ఆయనను చూసి ఆవిడ మరీ ఏడ్చింది. "అయితే మా అన్నయ్యా?"

"అమ్మా, ఎవరికీ ఏం కాలేదు" అన్నాడు కబురాయన, చెప్పులు విడిచి వినయంగా. "ఎన్నో పేజీలో ఉన్నారు?"

ఆవిడ ఉన్నది తొమ్మిదో పేజీలో. ఆ రోజే పుస్తకం తిరిగిచ్చేసింది.

బడిపంతులు ఒకాయన తెలివిగా "మొత్తం చదివేశానండీ, అద్భుతం" అన్నాడు. కబురాయన కళ్ళు మెరిశాయి. "అయితే నూట రెండో పేజీ మీకెలా అనిపించింది?" పంతులు తడబడ్డాడు. "అది... సైకిలు గురించే కదండీ?" కబురాయన ముఖం చిన్నబోయింది. "సైకిలు అరవై పేజీలేనండి" అన్నాడు, క్షమాపణ చెబుతున్నట్టు.

లైబ్రేరియనుకు కూడా తప్పేది కాదు. రోజూ మెట్లెక్కి రాగానే మొదటి మాట అదే.

"ఎన్నో పేజీలో ఉన్నావు తల్లీ?"

"ముప్పైలో బాబాయ్." అయిదు నెలలుగా ముప్పైలోనే ఉంది. నిజానికి పన్నెండు దాటలేదు.

"పర్లేదు. నీకు తొందర లేదు" అనేవాడాయన. ఆ మాటకు అర్థమేమిటో ఆవిడ ఆలోచించలేదు.

అసలు చిక్కు గడియారాలాయన దగ్గర వచ్చింది. పేట చివర గడియారాలు బాగుచేసే పెద్దమనిషి. భార్య పోయి ఇరవై రెండేళ్ళయింది. వెనక ఇల్లుండగా, ముందు కొట్టులోనే, మోగే గడియారాల మధ్య పడుకుంటాడు. ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడడు. ఆయన ఒకరోజు వచ్చి, ఎందుకో చెప్పకుండా "గడప ఇవతల" తీసుకెళ్ళాడు. కబురాయన ఆ ఇంటికి ఒక్కసారి కాదు, నాలుగుసార్లు వెళ్ళాడు. నాలుగోసారి గడియారాలాయన తలుపు మూసి, కాగితం తీసి, పై ఆఫీసుకు ఫిర్యాదు రాశాడు: "సదరు మనిషి ఇరవై రెండేళ్ళ కిందట ఒకసారి నా తలుపు తట్టాడు. అది చాలు. సదరు పుస్తకంలో అరవై ఒకటో పేజీ దాకా సైకిలు గొలుసు తప్ప విషయమేమీ లేదు. పుస్తకాన్నీ మనిషినీ లైబ్రరీ నుంచి తొలగించవలెను."

ఆఫీసరు ఫోను చేశాడు. "ఏమ్మా, పాఠకుల ఇళ్ళకు వెళ్ళి హడలగొడుతున్నాడటగా? శనివారం వస్తాను. పుస్తకం మూడు ప్రతులూ తీసేయించే కాగితం సిద్ధం చెయ్యి. ఆ రోజు నుంచి ఆ మనిషి మెట్లెక్కకూడదు."

చెప్పక తప్పలేదు. కబురాయన నిలబడే విన్నాడు.

"తీసేస్తే మళ్ళీ పెట్టరా తల్లీ?"

"పెట్టరు బాబాయ్."

"ఒక్కటైనా? ఏ మూలైనా?" అని, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు. "నిన్ను ఇబ్బంది పెట్టనులే. నీ ఉద్యోగం నీది" అన్నాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు. పొద్దున్నే మెట్లెక్కేటప్పుడు ఏ గోడా పట్టుకోని మనిషి.

శుక్రవారం మధ్యాహ్నం తొలగింపు కాగితం రాద్దామని కూర్చుని, చదవకుండా ఎలా రాసేదని లైబ్రేరియను పుస్తకం తెరిచింది. సైకిలు. గొలుసు. పంక్చర్లు. ఏ వీధికి ఎన్ని గుంతలు. ఆవులిస్తూ, కళ్ళు నులుముకుంటూ అరవై పేజీలు దాటింది. అరవై రెండులో ఆవులింత సగంలో ఆగింది. ఆ తరవాత సాయంత్రం దాకా ఎవరు వచ్చి ఏ పుస్తకం అడిగినా "మీరే తీసుకోండి" అంటూ తల ఎత్తలేదు.

తాళం వేసి కిందికి దిగేసరికి కబురాయన చివరి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పై మెట్లు ఎక్కకూడదన్న ఆజ్ఞ శనివారం నుంచే అయినా, ఆయన ఒక రోజు ముందే పాటిస్తున్నాడు.

"బాబాయ్, ఒక్కో పేజీ ఒక్కో ఇంటిది కదూ?"

"అవును తల్లీ. అందులో మీ ఇంటి పేజీ లేదు, అందుకే నీకు తొందర లేదన్నాను."

"ఆసుపత్రిలో వాళ్ళు చివరగా నీతో అన్న మాటలు. మరి ఆ వేళే ఎందుకు చెప్పలేదు?"

"గడప ముందు ఒక్క వాక్యమే వినబడుతుంది తల్లీ. 'పోయారు' అన్నాక చెవులు పనిచెయ్యవు. కొందరు ఏడుస్తారు, కొందరు తలుపేస్తారు. రెండో వాక్యం నా దగ్గరే ఉండిపోయేది. అలా ముప్పై ఏళ్ళవి పోగుపడ్డాయి. ఒకరి సొమ్ము నా దగ్గర ఉంటే నేనెలా పోను?"

"పుస్తకం వాళ్ళకే ఇవ్వొచ్చుగా?"

"నా చేతి మీదుగా ఎవరు తీసుకుంటారమ్మా ఏదైనా? నీ చేతి మీదుగా అయితే తీసుకుంటారు."

"మరి ముందు ఆ అరవై పేజీల సైకిలెందుకు? అందరూ అక్కడే చచ్చిపోతున్నారు!"

కబురాయన నొచ్చుకున్నాడు. "తలుపు తియ్యగానే కబురు చెప్పెయ్యకూడదు తల్లీ. నేనెప్పుడూ ముందు మంచినీళ్ళడిగేవాణ్ణి. వాళ్ళు లోపలికెళ్ళి తెచ్చేవారు. ఆ నీళ్ళు నాకు కాదు. కబురు విన్నాక వాళ్ళ చేతిలో గ్లాసుంటుందని. సైకిలంటే అదే. అన్నేళ్ళ తరవాత చెప్పే మాట, కాస్త నెమ్మదిగా వెళ్ళాలి కదా."

అరవై పేజీల పాటు మంచినీళ్ళు అడిగిన రచయితను ఆవిడ ఇంకెక్కడా చూడలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక, ఇంటికి వెళ్ళమని కసిరింది.

శనివారం ఆఫీసరు వచ్చాడు. గడియారాలాయన కూడా పుస్తకం చంకలో పెట్టుకుని, తొలగింపు కళ్ళారా చూడడానికి వచ్చాడు. కబురాయన కింద చివరి మెట్టు మీదే.

లైబ్రేరియను కాగితం ముందు పెట్టింది. "ఇక్కడ అభ్యంతరకరమైన పేజీ నంబరు వెయ్యాలండి" అంది.

"ఒకటి నుంచి అరవై ఒకటి. గొలుసు!" అన్నాడు గడియారాలాయన.

ఆఫీసరు నుదురు రుద్దుకున్నాడు. "గొలుసు మీద అభ్యంతరమంటే పైవాళ్ళు ఊరుకోరండీ, నన్నడుగుతారు. కాస్త ముందుకు చదివి ఏదైనా గట్టిది చూడండి. నాకు తొందర లేదు, టీ తాగుతాను."

లైబ్రేరియను కిటికీ దగ్గర కుర్చీ వేసింది. గడియారాలాయన విసురుగా కూర్చున్నాడు. అరవై రెండు తిప్పాడు. అరవై మూడు.

అందులో ఇలా ఉంది: "ఐదో వార్డులో కిటికీ పక్క మంచం. ఆవిడకు మూడు రోజులుగా నిద్ర లేదు. మాత్ర ఇప్పించమంటారా అని అడిగాను. 'మాత్ర కాదు నాయనా, మా ఆయన గురక కావాలి. ఏళ్ళ తరబడి ఆ గురకను తిట్టి తిట్టి ఆయన మంచాన్ని కొట్లోకి తరిమేశాను. ఇక్కడికొచ్చాక తెలిసింది, అది వినకపోతే నాకు నిద్ర రాదని. రేపొస్తే చెబుతాను, మంచం మళ్ళీ లోపల వేసుకోమని' అంది. మర్నాడు ఆయన రాకముందే నేను వెళ్ళవలసి వచ్చింది. నీళ్ళు అడిగాను. కబురు చెప్పాను. మంచం మాట చెప్పబోయేలోగా తలుపు పడింది. తప్పు ఆయనది కాదు. కాసేపు అక్కడే నిలబడ్డాను. లోపల గడియారాలన్నీ ఒక్కసారి గంట కొట్టాయి."

ఆఫీసరు టీ అయిపోయింది. రెండో టీ కూడా అయిపోయింది. గడియారాలాయన పేజీ తిప్పడు, తల ఎత్తడు. లైబ్రేరియను వెళ్ళి, ఎండ పడుతోందన్న మిషతో, ఆయన ముఖం ఎవరికీ కనబడకుండా కిటికీ తెర కాస్త లాగింది.

చివరికి ఆయన లేచి బల్ల దగ్గరికి వచ్చాడు.

"దొరికిందా?" అన్నాడు ఆఫీసరు, కలం విప్పుతూ.

"అరవై మూడు. గట్టి అభ్యంతరం. నేను గురక పెట్టను."

"భేష్! అయితే అబద్ధాలు రాశాడని పుస్తకం తీసేద్దాం."

"తియ్యమని ఎవరన్నారండీ?" గడియారాలాయన గొంతు లేచింది. "అబద్ధమో కాదో నేను తేల్చుకోవద్దా? ఇంకో పదిహేను రోజులకు నా పేరు మీదే రాయండమ్మా. మిగతా రెండూ అక్కడే ఉండనివ్వండి." తన ఫిర్యాదు తానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఫిర్యాదు లేని తొలగింపుకు ఫారం లేదు. ఆఫీసరు కలం మూసేశాడు.

గడియారాలాయన పద్దెనిమిది మెట్లూ దిగాడు. లైబ్రేరియను పై నుంచి తొంగి చూసింది. కింద కబురాయన కంగారుగా లేచి, చెప్పులు విడిచి పక్కకు ఒదిగాడు. జన్మలో మొదటిసారి ఆయన నోట ఆ ప్రశ్న రాలేదు.

"ఆవిడ ఇంకేమైనా అందా?" అన్నాడు గడియారాలాయన.

"చాలా అన్నారండి." కబురాయన నీళ్ళు నమిలాడు. "అయితే... ఎక్కువ తిట్లేనండి. అచ్చులో బాగుండవని వెయ్యలేదు."

"అన్నీ గుర్తున్నాయా?"

"వరస కూడా తప్పకుండానండి."

గడియారాలాయన సైకిలు స్టాండు తానే తీశాడు. "అయితే ఇక్కడ నిలబడి కాదు. ఇంటికి రండి, లోపల కూర్చుందాం" అన్నాడు. "ఒక్క తిట్టు కూడా వదలకుండా, మొదటి నుంచీ చెప్పండి."