రెమెయ్ గారి పన్నెండు సీసాల బురద

స్పెయిన్‌లో, కాటలన్ తీరంలోని ఆ చేపల రేవులో, సముద్రపు మట్టి మీద పరిశోధన చేసే రెమెయ్ గారిని ఏమన్నా అనొచ్చు గానీ, ఆవిడ ముందు బురదను చిన్నచూపు చూడకూడదు. హోటల్లో ఎవడో "ఈ కాఫీ బురదలా ఉంది" అన్నాడు. "ఏ బురదరా? నది తెచ్చిందా, అలలు ఒడ్డును కోస్తే వచ్చిందా? తెలియకపోతే నోర్మూసుకుని తాగు!" అని ఆవిడ వాణ్ణి గుటక వేయనివ్వలేదు.

రొయ్యలు పట్టే నర్సీస్ కూడా ఒకసారి నోరు జారాడు. "అడుగున పడి ఉండేదే కదా డాక్టరమ్మా!"

"పడి ఉంటుందా? నది దాన్ని తెచ్చి తీరం పక్కన సముద్రపు అరుగు మీద పోస్తుంది. చలికాలంలో నీళ్ళు చల్లబడి, బరువెక్కి, దాన్ని ఈడ్చుకుంటూ సముద్రం అడుగునున్న లోయలోకి దూకుతాయి. రెండు కిలోమీటర్ల లోతుకి! నీకంటే ఎక్కువ లోకం చూసిందయ్యా ఆ బురద!"

అలా జారే బురదను నెలకో సీసా చొప్పున పట్టడానికి ఆవిడ ఏడాదిగా లోయలో వేలాడదీసిన గరాటు కాస్తా నర్సీస్ వలలో పైకొచ్చింది. వల వేయకూడని హద్దు దాటి రెండుసార్లు దొరికినవాడు, ఇది మూడోసారి. బయటపడితే లైసెన్సు పోతుంది. అయినా దాచబుద్ధి కాలేదు. పెద్దావిడ సామాను మురికిగా ఇస్తే ఏం బావుంటుంది? గరాటు కింది పన్నెండు సీసాలూ ఒంపేసి, సబ్బు పెట్టి తళతళలాడేలా తోమి తెచ్చిచ్చాడు.

రేవు దద్దరిల్లిపోయింది. "కడిగావా! నా ఏడాదినంతా కడిగేశావా!"

"శుభ్రంగా ఇద్దామని..."

"నీ శుభ్రత తగలెయ్య!"

మర్నాడు ఆవిడ గదికి చేపల శాఖ అధికారి కాగితాలతో వచ్చాడు. క్షమాపణ చెప్పడానికొచ్చిన నర్సీస్ గోడకు అతుక్కుపోయాడు.

"గరాటు ఎవరి వలలో పడిందమ్మా? పేరు చెబితే రాసుకుపోతాను. పోయింది బురదే కదా, మళ్ళీ పట్టుకోవచ్చు."

రెమెయ్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "బురదే కదా? కూర్చోండి."

మొదటి గంట నదులు. రెండో గంట వరదలు. అధికారి నడుమ నడుమ "పేరు..." అంటూనే ఉన్నాడు. "లోయ అంచున వలలు రేపే మట్టి ఎంతో మీ ఆఫీసులో ఒక్కరికైనా తెలుసా? సిగ్గు లేదా మీకు?" అని ఆవిడ బల్ల గుద్దేసరికి, కాగితాలు చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"రేపు కొత్త గరాటు దింపాలి, నీ పడవ సిద్ధం చెయ్యి. హద్దెక్కడో దగ్గరుండి చూపిస్తాను" అన్నారు రెమెయ్ గారు.

నర్సీస్ గోడ వదిలి ముందుకొచ్చాడు. "డాక్టరమ్మా, ఆయన మీద నిజంగానే అంత కోపమొచ్చిందా?"

"రాదూ మరి! కోపం నిజమేనయ్యా. ఆ కోపంలో నీ పేరే గుర్తురాలేదు."