నిద్రపోని తీగ

బోధన్‌లో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. నందిపేట్ దగ్గర ఊళ్లో మా బాపు పసుపు పండిస్తాడు. చేను సంగతి నేనేం ఎత్తినా, "పుస్తకం చదివితే గడ్డ ఊరుతదా బిడ్డా?" అని నవ్వేసేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఒక ఏడు పిల్లల్ని పడమటి కనుమల అడవికి తీసుకెళ్లాను. మన దిక్కు అడవిలో ఎండలు ముదిరితే టేకు ఆకంతా రాల్చేస్తుంది. మోదుగు మోడు కొమ్మల మీదే పూస్తుంది. ఆ కనుమల్లో మాత్రం నేలకు ఎండే తగలదు. మానుల నిండా నాచు, ఆ నాచు మీద మళ్లీ మొక్కలు, వాటి మధ్య నుంచి పైకి పాకే తీగలు. అంతా పచ్చగానే ఉంది. అక్కడి తోటలో ఒక మిరియం తీగ ముక్క అడిగి తెచ్చి, తొలకరికి మా గట్టు మీది మామిడి మొదట్లో నాటాను.

"గిది కాస్తే చేన్ల నీ మాటే వింట," అన్నాడు బాపు. ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను.

పసుపు తవ్వకాలప్పుడు వెళ్లి చూస్తే తీగ మోకాలెత్తున తెగి ఉంది.

"ఏం చేసినవ్ బాపూ?"

"ఆకు పండుబారింది. నీళ్లు బంద్ చేసి కోసిన. పసుపుకు గట్లనే చేస్తం గద."

ఆకు పండితే నీళ్లు ఆపడం, కోయడం, ఆపైన గడ్డ తవ్వడం మా ఇంటి పద్ధతి. తీగకూ అదే మర్యాద జరిగింది. గడ్డ కోసం తవ్వలేదు, అదే పదివేలు.

నేను ఊరు లేచేలా అరిచాను. "పసుపు పండుకుంటది, టేకు పండుకుంటది. గీ తీగ పుట్టిన అడివిల నేల తడారదు. దీనికి పండుకునుడే తెల్వది. ఇది నీళ్లందక దూపకు వాడింది బాపూ."

ఆయన తల గోక్కున్నాడు.

వేసవి సెలవులన్నీ ఆ మామిడి కిందే గడిచాయి. తీగ మొదట్లో ఎండు పసుపాకు కప్పి, పొద్దునా సాయంత్రం నీళ్లు మోశాను. మృగశిర వానకు కణుపు దగ్గర చిగురు లేచింది. మూడో ఏడు కంకులు దిగాయి. బాపు ఒక పచ్చి గింజ కొరికితే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. గెలిచాను. సిగ్గెందుకు, గట్టు మీదే గంతులేశాను.

అంతలో పక్క చేనాయన వచ్చి, వచ్చే వానకాలం ఏ మడిలో ఏం పెడుతున్నావని బాపును అడిగాడు.

"నన్నెందుకు అడుగుతవ్," అన్నాడు బాపు. "మా బిడ్డనడుగు. ఆమె ఏది పెట్టుమంటే గదే పెడ్త."