స్పిరిట్‌తో తుడిచిన సీసాలు

ఆయుధపూజ మరునాడు ఇబ్రహీంపట్నంలోని మా కళాశాల ప్రయోగశాల తలుపు తీయగానే నాకు ఒళ్లు మండింది. త్రాసుకు పసుపు, ఫ్రిజ్‌కు బంతిపూల దండ, చివరికి లోపలి రెండు సీసాలకూ కుంకుమ. పనిముట్టుకు కావలసింది శుభ్రత, పూజ కాదని ఏళ్ల తరబడి సభల్లో వాదించినవాణ్ని. దూదిని స్పిరిట్‌లో ముంచి అన్నీ తుడిచేశాను.

ఆ సీసాల్లో ఉన్నది నా పరిశోధక విద్యార్థిని రెండేళ్ల కష్టం. మానని పుండ్ల కోసం చేసిన స్మార్ట్ పాలిమర్ ద్రవం అది. చల్లగా ఉన్నంతసేపూ నీళ్లలా ఉంటుంది. ఒంటి వేడి తగిలితే గడ్డకట్టి మందును మెల్లగా వదులుతుంది. ఒక సీసాలో మందు కలిపింది, రెండోదానిలో పోల్చి చూడటానికి కలపనిది. క్రిములు చేరకుండా రెండింటికీ సీలు వేశాం. ఆ మధ్యాహ్నమే నగరంలో ఎలుకల మీద పరీక్ష. నెలల తరబడి అడిగితే దొరికిన రోజు.

తుర్కయాంజాల్ నుంచి వచ్చిన ఆ అమ్మాయి సీసాలు రెండూ తిప్పి తిప్పి చూసింది.

"సార్, నేను మార్కర్‌తో రాసిన పేర్లేవి?"

ప్రయోగశాల చూసుకునే అక్క మీద విరుచుకుపడ్డాను. "నీ బొట్ల వల్లే ఇదంతా!"

"బొట్టు పెడితే రాత పోతదా సార్? స్పిరిట్ పెట్టి తోమితే పోతది. దేవుణ్ణి తుడుస్తనని పోయి పేర్లు తుడిచిన్రు."

దూది బల్ల మీదే ఉంది. పసుపు మధ్య నల్లటి సిరా.

"ఫికర్ జెయ్యకు బిడ్డా, మూత మీద గీత పడ్డది మందు సీస. బొట్టు పెడుతుంటే జూసిన, నాకు యాదికుంది," అంది అక్క.

"పోదాం సార్, బస్సు పోతది. అక్క అబద్ధం చెప్పదు," అంది ఆ అమ్మాయి.

"అబద్ధం చెప్పదు. పొరపాటు పడవచ్చు."

"మరి మీరు నన్నన్నది జూసే అన్నరా?" అంది అక్క.

నిజమే. చూడకుండానే నేరం మోపాను. అయినా ఒకరి జ్ఞాపకాన్ని నమ్మి ఆ సీసాలు పంపలేను. తారుమారైతే ఆ తప్పుడు ఫలితం రేపు ఏదో మనిషి పుండు మీదికి వస్తుంది. సీలు తీస్తే నిజం తెలుస్తుంది, కానీ సీసాలు పనికిరావు.

పరీక్ష చేసేవాళ్లకు ఫోన్ చేశాను. "ఇవాళ రాలేం. సీసాల మీది పేర్లు నేనే తుడిచేశాను." మళ్లీ ఎప్పుడో చెప్పలేమన్నారు.

సీలు తీసి పరీక్షించాం. అక్క చెప్పిందే నిజం.

ఆ అమ్మాయి కొత్త ద్రవం తయారుచేశాక సీసాల గాజు మీదే సూదిమొనతో పేర్లు గీకింది.

"స్పిరిట్‌కు గూడ పోదు సార్," అంది, తల ఎత్తకుండా.